ఒక దీర్ఘం కోసం ఆరు కిలోమీటర్లు

తెనాలిలో నాది చిన్న డీటీపీ షాపు. ఇల్లు ఆరు కిలోమీటర్ల అవతల, పల్లెలో. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి పది దాటాక ఫోను మోగిందంటే అవతల పెళ్లికూతురి మేనమామే అయి ఉంటాడు. "పద్మావతిలో దీర్ఘం ఎగిరిపోయిందండీ, పొద్దున్నే ప్రెస్సుకు వెళ్లిపోతుందేమో!" ఆ ఒక్క దీర్ఘం కోసం చొక్కా తొడుక్కుని, బండి తీసి, షట్టరెత్తాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నా ఉపయోగం లేదు. ఫైలు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌ది, అక్షరాలు అను అనే తెలుగు ఫాంట్లవి. రెండూ షాపు కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఆ ఫాంట్లు లేనిచోట తెరిస్తే శుభలేఖ కాస్తా పిచ్చిగీతలుగా కనిపిస్తుంది.

అందుకని షాపు కంప్యూటర్ తెరనే ఇంటికి తెచ్చుకున్నాను. పైసా ఖర్చు కాలేదు. ఎలా చేశానో చెబుతాను.

విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ముందే ఉంటుంది కదా అని నేనూ మొదట అదే వెతికాను. హోమ్ ఎడిషన్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి వెళ్లవచ్చు కానీ, హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌లోకి అలా రానివ్వదు. ఆ సౌకర్యం ప్రో లాంటి పై ఎడిషన్లకే. నాది హోమ్. అప్పుడు ఒక కంప్యూటర్ తెరను ఇంకో కంప్యూటర్‌లో చూపించి నడపనిచ్చే వీఎన్‌సీ పట్టుకున్నాను. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఒక పరిశోధనశాలలో పుట్టిన పద్ధతి ఇది. ఆ ల్యాబ్ 2002లో మూతపడింది కానీ, కోడ్ అందరికీ ఇచ్చేశారు కాబట్టి టైట్‌వీఎన్‌సీ, అల్ట్రావీఎన్‌సీ, టైగర్‌వీఎన్‌సీ అంటూ పిల్లలు చాలామందే మిగిలారు. నేను వాడేది టైట్‌వీఎన్‌సీ. పాత కంప్యూటర్‌కు బరువు కాదు.

దీంట్లో సర్వర్, వ్యూయర్ అని రెండు ముక్కలుంటాయి. పేరు చూసి కంగారుపడకండి. తెర చూపించే కంప్యూటర్‌లో సర్వర్, చూసే కంప్యూటర్‌లో వ్యూయర్, అంతే. షాపులో సర్వర్ ఎక్కించేటప్పుడు దాన్ని సర్వీసుగా నమోదు చేయమంటారా అని అడుగుతుంది. తప్పకుండా టిక్కు పెట్టండి. అప్పుడే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలైనా, ఎవరూ లాగిన్ కాకముందే దూరం నుంచి అందుతుంది. చివర్లో రెండు పాస్‌వర్డ్‌లు అడుగుతుంది: ఒకటి లోపలికి రావడానికి, రెండోది సెట్టింగులు ఎవరూ కెలకకుండా. రెండూ పెట్టండి, వేర్వేరుగా.

ఆ మొదటి పాస్‌వర్డ్ దగ్గర నేను బోల్తాపడ్డాను. ఇద్దరు పిల్లల పేర్లూ కలిపి పద్నాలుగు అక్షరాలు ఇంగ్లీషులో పెట్టి, ఇంక ఎవడూ రాలేడని మురిసిపోయాను. ఒక రాత్రి నిద్రమత్తులో పెద్దవాడి పేరు మాత్రం కొట్టి ఎంటర్ నొక్కేశాను. వాడి పేరు సరిగ్గా ఎనిమిది అక్షరాలు. షాపు తెర నిక్షేపంగా తెరుచుకుంది! ఈ పద్ధతిలో మొదటి ఎనిమిది అక్షరాలనే చూస్తుంది, తరువాతివి ఉన్నా లేనట్టే. పైగా టైట్‌వీఎన్‌సీ పంపే తెర బొమ్మలు, కీబోర్డు నొక్కులు రహస్యలిపిలోకి మారకుండానే ప్రయాణిస్తాయి. కాబట్టి రౌటర్‌లో 5900 పోర్టు (వీఎన్‌సీ లోపలికి వచ్చే దారి) బయటి ప్రపంచానికి తెరవమని ఎవరు చెప్పినా వినకండి. వీధి తలుపు తీసిపెట్టి బీరువాకు సైకిలు తాళం వేసినట్టుంటుంది.

అందుకని మధ్యలో టెయిల్‌స్కేల్ పెట్టాను. ఎక్కడెక్కడో ఉన్న మన కంప్యూటర్లను ఒక సొంత నెట్‌వర్కుగా కలిపే సాఫ్ట్‌వేర్ ఇది. సొంత వాడకానికి ఉచితం. షాపులోనూ ఇంట్లోనూ ఎక్కించి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, రెండింటికీ 100తో మొదలయ్యే చిరునామాలు వస్తాయి. వాటి మధ్య నడిచేదంతా వైర్‌గార్డ్ పద్ధతిలో రహస్యలిపిలోకి మారుతుంది. రౌటర్‌ను ముట్టుకునే పనే లేదు. షాపు కంప్యూటర్‌లో మాత్రం టెయిల్‌స్కేల్ సెట్టింగుల్లో 'రన్ అనటెండెడ్' అన్నది ఎంచుకోండి, లేకపోతే లాగిన్ అయ్యేదాకా అది మేలుకోదు. టెయిల్‌స్కేల్ వెబ్ పేజీలో ఆ కంప్యూటర్‌కు కీ గడువు, అంటే మళ్లీ లాగిన్ అవ్వాల్సిన గడువు, తీసేయండి. మామూలుగా 180 రోజులకు గడువు ముగుస్తుంది, అది మాఘమాసంలోనే ముగుస్తుందని నా నమ్మకం. ఆ ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టడం మరవకండి.

ఇప్పుడు టైట్‌వీఎన్‌సీ కాన్ఫిగరేషన్‌లో యాక్సెస్ కంట్రోల్‌కు వెళ్లండి. 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు అనుమతించమని ఒక నియమం, దాని కింద 0.0.0.0 నుంచి 255.255.255.255 వరకు వద్దని ఇంకొకటి రాయండి. పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది కాబట్టి వరుస తారుమారైతే మీకే తలుపు మూసుకుపోతుంది. అడ్మినిస్ట్రేషన్‌లో, చివరి మనిషి వెళ్లాక తెరకు తాళం వేయమని చెప్పండి.

ఇంకో చిన్న సెట్టింగు. జ్వరం వచ్చి ఇంట్లో ఉన్న రోజు పట్టపగలే ఇంటి నుంచి షాపు కంప్యూటర్‌లోకి వెళ్లాను. నిమిషంలో కుర్రవాడి ఫోను: "సార్, వెంకటేశ్వరస్వామి మాయమైపోయారు!" తెర వెనక ఉండే స్వామివారి పటం పోయి నల్లగా అయిందట, బాణం గుర్తు తనంతట తాను తిరుగుతోందట. పంపాల్సిన బొమ్మ తగ్గుతుందని సర్వర్ వాల్‌పేపర్‌ను దాచేస్తుంది. సర్వర్ ట్యాబ్‌లో ఆ టిక్కు తీసేస్తే స్వామి కదలరు. నేను తీయలేదు. వాడికి ముందే ఫోను చేస్తున్నాను.

టైపు చేసేటప్పుడు ఇంటి ల్యాప్‌టాప్ కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంచండి, తెలుగు లేఔట్ షాపు కంప్యూటర్‌లో మాత్రమే వేయండి. రెండుచోట్లా తెలుగు ఉంటే నాకు అక్షరాలు కలగాపులగమయ్యాయి. నెట్టు నెమ్మదిస్తే వ్యూయర్‌లో రంగులు తగ్గించుకోవచ్చు. దీర్ఘం దిద్దడానికి అది చాలు కానీ, కార్డు రంగు సరిచూసే పని అప్పుడు పెట్టుకోవద్దు.

షాపు కంప్యూటర్ నిద్రపోకుండా పవర్ సెట్టింగులు మార్చండి. కరెంటు పోయి వచ్చాక తనంతట తాను లేచేలా బయాస్‌లో (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఒక ఎంపిక ఉంటుంది, అదీ చూడండి.

షట్టర్ దించే ముందు ల్యాప్‌టాప్‌ను ఫోను నెట్టుకు కలిపి రెండుసార్లు ప్రయత్నించండి. టెయిల్‌స్కేల్ ఆన్‌లో ఉన్నప్పుడు తెర రావాలి. ఆపేసి, షాపు బ్రాడ్‌బ్యాండ్ చిరునామాతో ప్రయత్నిస్తే రాకూడదు. రెండోది కూడా వచ్చిందంటే రౌటర్‌లో ఎక్కడో పోర్టు తెరిచి ఉంది, యాక్సెస్ కంట్రోల్ నియమాలూ సరిగా లేవు. రెండూ సరిచేసి ఇంటికి వెళ్లండి.