ఎన్‌కే కణాల ప్రయోగం రేపు అనగా, ఈరోజే చూసుకోవాల్సినవి

ఎన్‌కే కణాల (వైరస్ సోకిన కణాలను, క్యాన్సర్ కణాలను చంపే తెల్ల రక్తకణాల) ప్రయోగానికి తెప్పించే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) పార్సిల్ తిరుపతిలో ఎండాకాలంలో వస్తే ముందు బాక్స్‌లో ఐస్ ప్యాక్ పరిస్థితి చూడండి. పొడి రూపంలో ఉన్న పెప్టైడ్ ఒకట్రెండు రోజుల వేడికి సాధారణంగా పాడవదు కాబట్టి టెన్షన్ వద్దు, కానీ అందిన వెంటనే మైనస్ 20లో పెట్టేయండి.

అసలు జాగ్రత్త మూత తీసేటప్పుడు. ఫ్రీజర్‌లోంచి తీసిన వయల్‌ను గది వేడికి వచ్చేదాకా మూతతోనే ఉంచాలి, లేదంటే గాలిలో తేమంతా ఆ పొడి మీదే దిగి, మీరు తూచేది సగం నీళ్లే అవుతుంది.

వీఎంఏపీఆర్‌టీఎల్ఎఫ్ఎల్ అనే ఈ తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్క హెచ్‌ఎల్‌ఏ-జీ అనే ప్రొటీన్ మొదట్లో ఉండే సిగ్నల్ పెప్టైడ్ నుంచి వచ్చింది. ఇది హెచ్‌ఎల్‌ఏ-ఈ (కణాల మీద పెప్టైడ్‌లను పట్టి చూపించే ప్రొటీన్) గాడిలో కూర్చుంటే, ఎన్‌కే కణం మీదుండే సీడీ94/ఎన్‌కేజీ2ఏ రిసెప్టర్ దాన్ని గుర్తుపట్టి ఎన్‌కే కణానికి బ్రేక్ వేస్తుంది. అదే జతను ఎన్‌కేజీ2సీ అనే ఇంకో రిసెప్టర్ కూడా పట్టుకుంటుంది, అది బ్రేక్ కాదు యాక్సిలరేటర్, అందుకే మీ రక్తదాత ఎన్‌కే కణాల్లో ఏది ఎంత ఉందో ముందే ఫ్లో సైటోమెట్రీలో (కణాల మీది ప్రొటీన్లను కొలిచే పద్ధతి) చూసుకోకపోతే ఫలితం తలాతోకా ఉండదు.

– పెప్టైడ్‌ను ముందు డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించండి, కణాల దగ్గర అది 0.5 శాతం దాటకూడదు.
– రెండో స్థానంలో మెథియోనిన్ ఉంది, ఆక్సిడైజ్ అవుతుంది. చిన్న చిన్న భాగాలుగా పంచి గడ్డకట్టించండి.
– టార్గెట్ కణాలను (ఎన్‌కే కణాల ముందు పెట్టే కణాలను) రాత్రంతా 26 డిగ్రీల దగ్గర పెప్టైడ్‌తో ఉంచాలంటే, ఆ వేడికి ఇంక్యుబేటర్ ఖాళీ ఉందా? ఏసీ గది సరిపోతుందిలే అనుకోవద్దు, కరెంటు పోతే అంతే.
– ప్లేట్‌లో పెప్టైడ్ లేని వెల్ (చిన్న గుంట), డీఎంఎస్‌ఓ మాత్రమే ఉన్న వెల్, పోల్చి చూడటానికి రెండూ ఉండాలి.

రక్తం తీసుకోవడానికి దాత సమ్మతి పత్రం, ఎథిక్స్ అనుమతి ఫైల్‌లో ఉన్నాయో లేదో కూడా చూడండి.