నెల్లూరు చుట్టుపక్కల ఇల్లు ఎక్కడ తీసుకోవాలి: అద్దె సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడండి

కృష్ణపట్నం పోర్టులోనో, నేలటూరు కరెంటు ప్లాంటులోనో, ఊళ్లోని ఏదో ఆసుపత్రిలోనో ఉద్యోగం వచ్చి కుటుంబంతో నెల్లూరు దిగేవాళ్లు మొదట అడిగేది డబుల్ బెడ్‌రూం అద్దె ఎంత అని. ఆ ప్రశ్నకు తొందర లేదు. ముందు అడగాల్సినవి రెండు. ఆ ఇంటికి తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? కార్తీకంలో వాన పట్టుకుంటే వాకిట్లో నీళ్లు ఎటు పోతాయి? నెల్లూరుకు ఉత్తరాన పెన్న, తూర్పున సముద్రం, ఊరిని ఆనుకుని పెద్ద చెరువు, చుట్టూ వరి మళ్లు. ఇక్కడ ఏ పేటకైనా ధర పెట్టేది చివరికి నీళ్లే. బ్రోకరు మాత్రం ఆ మాట ఎత్తడు.

ముందు దిక్కు తేల్చుకోండి

పని ఏ దిక్కున ఉంటే ఇల్లూ ఆ దిక్కునే చూడండి. ఊరు దాటుకుని అటు చివరి నుంచి ఇటు చివరికి రోజూ తిరిగే ఏర్పాటు ఆరు నెలలు కూడా నిలవదు.

పోర్టు, ముత్తుకూరు వైపు పనైతే వేదాయపాళెం, బుజబుజనెల్లూరు, ధనలక్ష్మీపురం మొదలు వెంకటాచలం దాకా చూడవచ్చు. ఊళ్లో ఆసుపత్రులు, కాలేజీలు, ఆఫీసులైతే దర్గామిట్ట, పొగతోట, రామలింగాపురం, మాగుంట లేఅవుట్, బాలాజీనగర్ దగ్గర. అద్దె ఎక్కువే, కానీ నడిచిపోయేంత దూరంలో దొరికితే బండి ఖర్చు మిగులుతుంది. కొడవలూరు, కావలి వైపు పనైతే ఏటి అవతల కోవూరు, పడుగుపాడు నయం.

ఏటి అవతల ఉండి ఇవతల పనిచేయడం, లేదా ఇవతల ఉండి అవతల పనిచేయడం, ఎంచుకునే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పెన్న దాటే దారులు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. 2021 నవంబరులో సోమశిల డ్యాం నుంచి వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర హైవేకి గండి పడింది, రైలు కట్టా కొట్టుకుపోయింది. రెండు దారులూ ఒకేసారి ఆగిపోయాయి. అలాంటిది ఏటేటా రాదు. కానీ ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లే పెద్దవాళ్లో, నెలలు నిండిన మనిషో ఉంటే మీ ఆసుపత్రి, మీ ఇల్లు ఏటికి ఒకే వైపు ఉండాలి. ఇందులో రాజీ పడకండి.

దిక్కు తేలాక దారిని మీ డ్యూటీ వేళకే బండి మీద వెళ్లి చూడండి, ఆదివారం కాదు. పోర్టు వైపు రోడ్ల మీద లారీలు, టిప్పర్లు ఎక్కువ. చీకటిపడ్డాక టూవీలర్ మీద ఆ దారి వేరుగా ఉంటుంది. ఊళ్లో రైలు పట్టాలు అడ్డం. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, విజయమహల్ గేటు దగ్గర అండర్ బ్రిడ్జిల్లో గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. కాబట్టి పట్టాల అవతలి బడిలో పిల్లల్ని వేసే ముందు, అండర్ బ్రిడ్జి మునిగిన రోజు ఎటు చుట్టి రావాలో ఒకసారి వెళ్లి చూసుకోండి. వెంకటాచలం టోల్‌ప్లాజా రోజూ దాటాల్సిన కారు ఉంటే, ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారి సొంత కార్లకు ఇచ్చే నెలవారీ పాసు అడగండి. ఆ చిరునామాతో ఆధారం కావాలి.

వాననీళ్లు: గోడలు చెప్పే సంగతులు

నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఇల్లు వెతుక్కునేది మాత్రం బడులు తెరిచే ముందు, మే జూన్‌లలో. అప్పుడు ప్రతి వీధీ పొడిగా, ప్రతి ప్లాటూ మెరకగా కనిపిస్తుంది. అందుకే కళ్లతో కాదు, గుర్తులతో చూడాలి.

ప్రహరీగోడ మీద అడుగు, అడుగున్నర ఎత్తులో వీధి పొడుగునా ఒకే గీతలా మరక ఉందా చూడండి. తలుపు చట్రం అడుగున చెక్క ఉబ్బిందా, ఇనప గేటు కింది భాగం మాత్రమే తుప్పు పట్టిందా? పాత ఇంట్లో ప్లగ్ పాయింట్లన్నీ నడుము ఎత్తుకు మార్చి ఉంటే కారణం అడగండి. పక్కన కొత్తగా కట్టిన ఇళ్లకు నాలుగైదు మెట్లు ఉండి, మీరు చూస్తున్న ఇంటికి ఒక్క మెట్టే ఉంటే ఆ వీధి ఏదో చెబుతున్నట్టే లెక్క. ఇంటి యజమానిని అడిగితే "ఇక్కడ నీళ్లు నిలవవండీ" అంటారు. వీధి చివర చిల్లర అంగడి వాళ్లను అడగండి, 2015లో, 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తారు.

సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడంతో పాత పేటల్లో చాలా ఇళ్లు రోడ్డు కన్నా కిందికి దిగిపోయాయి. ఇది చూపుకు తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. తాపీమేస్త్రీ దగ్గర లెవెల్ ట్యూబు దొరుకుతుంది, లేదా పది మీటర్ల పారదర్శకమైన సన్న పైపు కొనండి. దాన్ని నీళ్లతో నింపండి, లోపల గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే కొలత తప్పుతుంది. రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి, ఒక కొస గడప దగ్గర, రెండోది రోడ్డు నడిమధ్య నిలువుగా పట్టుకుని రెండు వైపులా బొటనవేళ్లు తీయండి. నీళ్లు కుదురుకున్నాక గడప దగ్గర నీటిమట్టం నుంచి గడప దాకా, అటు నీటిమట్టం నుంచి రోడ్డు దాకా టేపుతో కొలవండి. రోడ్డు వైపు కొలత ఎంత ఎక్కువుంటే ఇల్లు అంత ఎత్తులో ఉన్నట్టు. తేడా అడుగున్నర పైన ఉంటే నిశ్చింత. అడుగులోపైతే కింది పోర్షన్ వద్దు, మేడ మీది వాటా చూడండి. రోడ్డు వైపు కొలతే తక్కువ వస్తే ఇల్లు రోడ్డుకు కిందున్నట్టు. అద్దె సగానికి ఇస్తామన్నా కదలండి.

కొత్త లేఅవుట్లలో ఇంకో చిక్కు. చాలావరకు అవి నిన్నటి వరి మళ్లు. పక్క మడికి నీళ్లు పెట్టిన నెలల్లో ఊట మీ సంపులోకి, సెప్టిక్ ట్యాంకులోకి వస్తుంది. మరుగుదొడ్డిలో నీళ్లు దిగవు. చుట్టూ సాగు ఉంటే ఎడగారులో (రెండో పంటకు) కూడా మడికి నీళ్లు పెడతారా అని రైతును అడగండి. పెడతారంటే ఏడాదిలో ఎక్కువ నెలలు మీకు ఆ చెమ్మ తప్పదు. ఎగువన చెరువు ఉంటే దాని కలుజు (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) ఎక్కడ ఉందో, పొర్లిన నీళ్లు ఏ కాలవలో పోతాయో ఆ కాలవ వెంబడి నడిచి చూడండి. సగం దూరం వెళ్లాక కాలవ మాయమై అక్కడ ప్లాట్ల రాళ్లు కనిపిస్తే, చెరువు కలుజు పారిన ఏడు నీళ్లు వచ్చేది ఆ ప్లాట్లలోకే.

తాగే నీళ్లు, వాడుకునే నీళ్లు

నలుగురున్న ఇంటికి మనిషికి 135 లీటర్ల లెక్కన రోజుకు 540 లీటర్లు కావాలి. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు మూడు వాటాలకు కలిపి ఉంటే ఉదయం ఏడింటికల్లా అయిపోతుంది. మోటారు వేసే మనిషి ఊరెళితే ఏమిటని కూడా అడగండి. సగం గొడవలు అక్కడే పుడతాయి.

కుళాయి నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి, ఎంతసేపు వస్తాయో పక్కింటావిడ చెబుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, ఆ నీళ్లు విడిగా వస్తాయా, సంపులో బోరు నీళ్లతో కలిసిపోతాయా అన్నది. చాలా అపార్ట్‌మెంట్లలో కలిసిపోతాయి. అప్పుడు మంచినీటి కనెక్షన్ కాగితం మీదే.

తూర్పున ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు వెళ్లేకొద్దీ బోర్లలో ఉప్పు పెరుగుతుంది. సముద్రం దగ్గరవడం ఒక కారణం, రొయ్యల గుంటలు ఇంకొకటి. కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) వెంట తీసుకెళ్లండి. మోటారు వేసి పది నిమిషాలు వదిలాక, ట్యాంకులోది కాకుండా బోరు పైపు దగ్గర పట్టి చూడండి. తాగడానికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది; వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 2000 దాటితే మామూలు ఇంటి ఆర్వో మిషన్ పొర త్వరగా పాడవుతుంది, గీజరు కాయిల్‌కు తెల్లగా పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. మీటరు లేకపోతే ఆ నీళ్లతో గుప్పెడు కందిపప్పు ఉడకబెట్టి చూడండి. నీళ్లు బాగా గట్టివైతే ఎంతసేపు మంట పెట్టినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది. డిసెంబరులో చూసిన అంకె మేలో అలాగే ఉండదు, వాననీళ్లు తగ్గేకొద్దీ పైకి పోతుంది.

టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను పట్టుకోలేదు. పడమటి మెట్టలో, ఉదయగిరి వైపుగానీ కనిగిరి వైపుగానీ ఇల్లు చూస్తుంటే ఈ మాట మరింత ముఖ్యం. అక్కడ నీళ్లు తియ్యగానే ఉండవచ్చు, కానీ ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ల మీద గోధుమ మచ్చలు, ఆపైన ఎముకల జబ్బు. ల్యాబులో పరీక్ష చేయించాల్సిందే. కాచితే పోతుందనుకోకండి, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

గాలి, చప్పుడు

ఎక్కువ చెప్పాల్సింది లేదు, వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. కాకపోతే ఏం చూడాలో తెలియాలి. రైస్ మిల్లు దగ్గరుంటే మిద్దె మీదికెక్కి పిట్టగోడను వేలితో తుడవండి. నల్లటి ఊకబూడిద అంటితే, ఆ మిద్దె మీద వడియాలు పెట్టే ఆశ, తెల్ల చొక్కా ఆరేసే ఆశ రెండూ వదులుకోవాలి. రొయ్యల గుంటల పక్కనైతే రాత్రి పదకొండుకు ఒకసారి వెళ్లండి. పగలు వినపడని ఏరేటర్లు, కరెంటు పోతే జనరేటర్లు అప్పుడు వినిపిస్తాయి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది. తూర్పు, ఆగ్నేయాల్లో కిటికీ లేని ఇంట్లో మే నెల కష్టం, అందులోనూ పై అంతస్తైతే.

చౌక ఇల్లు నిజంగా చౌకేనా

అద్దె రెండు వేలు తక్కువని 12 కిలోమీటర్లు అవతలికి పోతే లెక్క ఇలా ఉంటుంది. రానూపోనూ 24 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, మొత్తం 624. బండి లీటరుకు 50 ఇస్తే పన్నెండున్నర లీటర్లు. లీటరు 110 వేసుకుంటే సుమారు 1,370 రూపాయలు. బోరు ఉప్పగా ఉండి రోజుకొక 20 లీటర్ల క్యాను కొంటే, 20 రూపాయల చొప్పున 600. మిగిలింది ముప్పై రూపాయలు. స్కూలు బస్సు ఇంకా కలపలేదు.

కొనేట్టయితే

ఒక కార్తీకం వాన, ఒక రోహిణీకార్తె ఎండ చూడకుండా కొనకండి. అంటే ఏడాది అద్దె. ఎయిర్‌పోర్టు వస్తుంది, పారిశ్రామిక నగరం వస్తుందన్న మాట మీద ప్లాటు కొంటే అది పెట్టుబడి, నివాసం కాదు, రెండింటినీ కలపవద్దు.

నెల్లూరులో స్థలం అంకణాల్లో చెబుతారు. ఇక్కడ అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. సెంటుకు 6.05 అంకణాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. అందుకని "30 అంకణాలు" అని నోటిమాట కాకుండా 2160 చదరపు అడుగులు, 240 గజాలు అని దస్తావేజులో రాయించండి. లేఅవుట్‌కు నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడిగి, అది ఆ సర్వే నంబరుదేనా అని నుడా ఆఫీసులోనే సరిచూసుకోండి. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల పత్రం) 30 ఏళ్లకు తీయండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో, డీకేటీ పట్టానో (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి) చెరువు పోరంబోకో అవుతుందేమో చూడండి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా "తర్వాత సరిచేయిస్తాం" అన్న మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి.

అద్దెకే అయితే అగ్రిమెంటులో చేరే రోజు కరెంటు మీటరు రీడింగు, కుళాయి నీళ్లు ఎవరి వాటాకు ఎన్ని రోజులకు, మోటారు కరెంటు ఎవరు కడతారు, సెప్టిక్ ట్యాంకు తోడించే ఖర్చు ఎవరిది, నీళ్లు ఇంట్లోకి వచ్చి నివసించలేకపోతే ఆ రోజుల అద్దె సంగతేమిటి, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి రాయించండి. చేరే ముందే గోడల మరకలకు, పగుళ్లకు ఫోనులో ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్‌లో పంపండి. ఖాళీ చేసేనాడు సున్నం ఖర్చు లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.