టైమింగ్ బెల్ట్ ఇంట్లోనే మారుస్తున్నారా? విప్పే ముందు ఇవి చూసుకోండి

పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులు తెరిచే ఇరుసు క్యామ్. ఈ రెండింటినీ కలిపి తిప్పే పళ్ల రబ్బరు పట్టీయే టైమింగ్ బెల్ట్. దాన్ని మార్చడానికి మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లు, ఏళ్లు - ఏది ముందొస్తే అదే గడువు. తక్కువ తిరిగిన బండిలోనూ రబ్బరు పాతబడుతుంది.

- కొత్త బెల్ట్ వేశాక నేరుగా సెల్ఫ్ కొట్టకండి. స్పానర్‌తో క్రాంక్‌ను, ఇంజిన్ తిరిగే వైపే, రెండు పూర్తి చుట్లు తిప్పండి. అప్పటికి క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. మధ్యలో గట్టిగా తగిలితే (పిస్టన్ వాల్వుకు తగులుతూ ఉండొచ్చు) అక్కడే ఆపండి. బలం పెడితే వాల్వులు వంగుతాయి, హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దించాల్సిందే.

- రెండు చుట్ల తర్వాత గేర్ల మీది గుర్తులు ఇంజిన్ మీది గుర్తులతో కలవాలి. బెల్ట్ మీద మీరు పెట్టిన పెయింట్ గీతలు కలవకపోతే కంగారు వద్దు, అవి కలవవు.

- ఒక్క పన్ను తేడాయే కదా అని వదలకండి. 20 పళ్ల క్రాంక్ గేర్‌లో పన్నుకు 18 డిగ్రీలు. టెన్షనర్ (బెల్ట్‌ను బిగించే చక్రం) వదులు చేసి, బెల్ట్ మళ్లీ ఎక్కించండి.

- టెన్షనర్ లేని వైపు బెల్ట్ బిగుతుగా ఉండాలి. తప్పులు ఎక్కువగా ఇక్కడే: అక్కడ మిగిలిన వదులు, టెన్షనర్ లాగగానే క్యామ్‌ను పక్కకు జరుపుతుంది.

- లాకింగ్ పిన్ను (క్రాంక్ కదలకుండా పెట్టే పిన్ను) ఆధారంగా పెట్టుకుని క్రాంక్ బోల్ట్ విప్పకండి. పిన్ను వంగుతుంది, విరుగుతుంది. దాని పని గుర్తు నిలపడమే.

- బెల్ట్‌తో తిరిగే వాటర్ పంప్, టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే చక్రం) కూడా ఇప్పుడే మార్చండి. రేపు పంప్ కారితే మళ్లీ ఇదంతా విప్పాలి.

- క్రాంక్, క్యామ్ సీళ్ల (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగుల) దగ్గర ఆయిల్ చెమ్మ ఉంటే ముందు సీలు మార్చండి. ఆయిల్ తగిలితే కొత్త బెల్ట్ కూడా త్వరగా పాడవుతుంది.

- టెన్షన్ సెట్ చేసేది ఇంజిన్ చల్లారాకే.