పాత మారుతీ 800, పాత శాంట్రో: రెండిట్లో ఏది కొనాలో ఎలా తేల్చుకోవాలి?

రెండిటికీ ముందు చక్రాలే లాగుతాయి, ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది. పోలిక అక్కడితో సరి. 1983లో వచ్చిన 800 కార్బురేటర్ (కంప్యూటరు లేకుండా గాలీ పెట్రోలూ కలిపే భాగం) కాలం బండి: 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. 1998లో దిగిన శాంట్రోకి నాలుగు సిలిండర్లు, ఐదు గేర్లు, పెట్రోలు కొలిచి పోసే కంప్యూటరు. (2000 ప్రాంతంలో 800కీ అలా కంప్యూటరుతో పెట్రోలు పోసే ఎంపీఎఫ్ఐ వచ్చింది గానీ, ఇక్కడ మాట్లాడేది 90ల నాటి బండి గురించి.)

ముందు ఇంజన్ చల్లగా ఉండగా చూడాలి. "అన్నా, మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ఫోన్లోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉందో లేదో చూడండి. 800 చోక్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోలు పాలు పెంచే పిడి) లాగితే అందుకోవాలి. శాంట్రోలో తాళం తిప్పగానే చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగలేదంటే ఎవరో బల్బు పీకేసుంటారు!

తర్వాత ఆక్సిల్, అంటే ముందు చక్రాలని తిప్పే కడ్డీ, దాని రెండు చివర్ల జాయింట్లు. ఆదివారం ఆటోనగర్‌లో ఖాళీ రోడ్డు చూసుకుని, స్టీరింగ్ పూర్తిగా ఒకవైపుకి తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పండి, మళ్లీ రెండోవైపు. టకటకమంటే చక్రం దగ్గరి జాయింటు పోయినట్టే. తిన్నగా వెళ్తూ ఎక్సలేటర్ తొక్కితే బండి వణుకుతోందా? లోపలి జాయింటు చూపించండి. వంగి చక్రం వెనక చూడండి: జాయింటు మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగితే, రిమ్ము లోపలంతా గ్రీజు చిమ్మి ఉంటుంది. శబ్దం లేకుండా బూటే చిరిగుంటే చిన్న పని. శబ్దం కూడా ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించుకోండి.

మధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి, బండి నిలబెట్టి ఆన్‌లో ఉంచండి. రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగాలి, ఇంజన్ వేడి చూపే ముల్లు సగం దాటకూడదు.

విజయవాడలో మరీ ముఖ్యంగా చూడాల్సింది నీళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ చుట్టుపక్కల ఎన్నో బండ్లు మునిగాయి. సీటు బెల్టు చివరిదాకా లాగితే బురద చార కనపడొచ్చు. మ్యాట్లు ఎత్తండి, స్టెప్నీ గుంట చూడండి. మునిగిన 800లో అడుగు రేకు తుప్పు పడుతుంది, టింకరింగ్‌తో నెట్టుకురావచ్చు. శాంట్రోలో మాత్రం వైరింగులోకి తడి పోతే ఇవాళ సెన్సార్, రేపు కంప్యూటరు. అలాంటిది ఎంత చవకగా వచ్చినా వద్దు.

నన్నడిగితే, మునగని శాంట్రో దొరికితే రోజూ నడపడానికి అదే మేలు. వారానికోసారి తీసి, సరదాగా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లకి 800.

చివరికి ఆర్సీ. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉండాలి, గడువు చూడండి. దాని మీద ఇంకా అప్పిచ్చిన బ్యాంకు పేరుంటే, అది తీసేయించే ఫారం 35 మీద వాళ్ల సంతకం పడాలి. డబ్బు మాట ఆ తర్వాతే.