ఐజీవీలో ట్రాకులను, రీడ్‌లను ఎలా ఎంచుకోవాలి?

సీతంపేట కొండల వైపు సికిల్ సెల్ రక్తహీనత కొత్త పేరు కాదు. శ్రీకాకుళం, విజయనగరం కళాశాలల్లో బయోటెక్నాలజీ చదివేవారు జన్యుపటాలు చూడటం మొదలుపెట్టడానికి అందుకు కారణమైన హెచ్‌బీబీ జన్యువు కంటే మంచి చోటు లేదు. వాటిని తెర మీద చూపే ఐజీవీ (IGV) సాఫ్ట్‌వేర్ అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో రూపొందింది, ఉచితంగా దొరుకుతుంది.

ముందుగా పైన ఎడమ మూల జాబితాలో హెచ్‌జీ38 (hg38) అనే ప్రామాణిక మానవ జీనోమ్‌ను ఎంచుకోండి. 'ఫైల్' మెనూ నుంచి బామ్ (BAM) ఫైళ్లు తెరవండి. యంత్రం చదివిన చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అంటే రీడ్‌లు, జీనోమ్‌లో ఎక్కడ సరిపోయాయో వాటిలో ఉంటుంది. ప్రతి ఫైలు పక్కనే దాని ఇండెక్స్ ఫైలు ఉండాలి, లేకపోతే రీడ్‌లు కనబడవు. సాధనకు, వేర్వేరు దేశాల వారి జీనోమ్‌లను అందరికీ అందుబాటులో ఉంచిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు డేటా వాడుకోవచ్చు. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారి నమూనాలూ అందులో ఉన్నాయి. రోగుల డేటాను మాత్రం అనుమతి లేకుండా తాకవద్దు.

ఇక అసలు పని. తెర మీద డేటా వరుసలను ట్రాకులంటారు. ఒక్కో బామ్ ఫైలుకు, ఏ స్థానం మీద ఎన్ని రీడ్‌లు పడ్డాయో చూపే కవరేజ్ ట్రాక్ ఒకటి, దాని కింద రీడ్‌ల ట్రాక్ ఒకటి వస్తాయి. ఎడమ పక్క పేరు మీద నొక్కితే ఆ ట్రాక్ ఎంపికవుతుంది, పేరు వెనుక రంగు మారుతుంది. వరుసగా ఉన్నవి కావాలంటే మొదటి పేరు నొక్కి, షిఫ్ట్ పట్టుకొని చివరిది నొక్కండి. కవరేజ్ ట్రాకుల మధ్య రీడ్‌ల ట్రాకులు అడ్డు వస్తాయి కాబట్టి అక్కడ కంట్రోల్ కీ పట్టుకొని ఒక్కొక్కటే నొక్కాలి. మ్యాక్‌లో అయితే కమాండ్ కీ.

తరువాత మౌస్ కుడి బటన్‌ను ఎంచుకున్న పేర్లలో ఒకదాని మీదే నొక్కండి. ఎంచుకోని పేరు మీద నొక్కారా, పాత ఎంపిక పోయి అదొక్కటే మిగులుతుంది. మెనూలో ఏది నొక్కే ముందైనా ఏ పేర్ల రంగు మారి ఉందో ఒకసారి చూసుకోండి.

ఆ మెనూలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది 'గ్రూప్ ఆటోస్కేల్'. ఒక నమూనా కొలమానం 0 నుంచి 40 వరకు, మరొకదానిది 0 నుంచి 200 వరకు ఉంటే రెండు గ్రాఫులూ ఒకే ఎత్తులో కనిపించి కళ్లను మోసం చేస్తాయి. అన్నిటినీ కలిపి ఎంచుకొని ఇది నొక్కితే కొలమానం ఒకటవుతుంది. పోల్చడం ఆ తరువాతే.

వెతికే పెట్టెలో chr11:5,227,002 స్థానం ఇవ్వండి. 11వ క్రోమోజోమ్ మీద సికిల్ సెల్ మార్పు ఉండే చోటు అదే. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఐజీవీ ఒకదాని అక్షరాలే చూపుతుంది, హెచ్‌బీబీ దానికి వ్యతిరేక పోగు మీద ఉంది. అందుకే పుస్తకంలో 'ఏ' (A) అక్షరం స్థానంలో 'టీ' (T) వచ్చిందని చదివిన మార్పు ఇక్కడ 'టీ' స్థానంలో 'ఏ'గా కనిపిస్తుంది. ఐజీవీలో 'టీ' ఎరుపు, 'ఏ' ఆకుపచ్చ. వాహకుల్లో, అంటే జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోనే మార్పు ఉన్నవారిలో, కవరేజ్ గీత దాదాపు సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. వ్యాధి ఉన్నవారిలో దాదాపు అంతా ఆకుపచ్చే.

ఒక రీడ్ మీద నొక్కితే దాని వివరాలు వస్తాయి. కంట్రోల్‌తో నొక్కితే ఆ రీడ్‌కూ దాని జతకూ (అదే డీఎన్‌ఏ ముక్కను రెండో చివర నుంచి చదివిన రీడ్) ఒకే రంగు గీత చుట్టుకుంటుంది. వద్దనుకుంటే కుడి బటన్ మెనూలో 'క్లియర్ సెలెక్షన్స్' ఉంది.

ట్రాక్ తీసేస్తే తెర మీది నుంచే పోతుంది, ఫైలుకు ఏమీ కాదు. పని ముగిశాక సెషన్‌ను భద్రపరచుకోండి. అందులో ఉండేవి ఫైళ్ల చిరునామాలే, డేటా కాదు. మిత్రులకు పంపేటప్పుడు బామ్, ఇండెక్స్ ఫైళ్లను కూడా అదే ఫోల్డర్‌లో పెట్టి పంపండి.