కాన్ఫరెన్స్ ప్రయాణం – 3వ పాఠం: వీసా, బస

పోయిన పాఠంలో రిజిస్ట్రేషన్, ట్రావెల్ గ్రాంట్ల సంగతి చూశాం. ఈసారి వీసా, బస. ఉదాహరణగా ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జరిగిన ఏసీఎల్ 2025ను తీసుకుందాం. కంప్యూటర్లతో భాషను అర్థం చేయించే పరిశోధనలకు ఇది పెద్ద కాన్ఫరెన్స్. ఏ పరిశోధన పేపర్లు ఎంపికయ్యాయన్న ఫలితాలు మే మధ్యలో వచ్చాయి, కాన్ఫరెన్స్ జులై 27న మొదలైంది. మధ్యలో ఉన్నది పది వారాలే. చాలామంది ఫలితం రాగానే విమానం టికెట్ల ధరలు చూస్తారు. ముందు చూడాల్సింది వీసా అపాయింట్‌మెంట్లు.

ఆస్ట్రియాకు షెంగెన్ వీసా కావాలి, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి పనికొచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, ఇంకా పరిశీలించాలనుకుంటే 45 రోజుల దాకా పోవచ్చు. పైగా వేసవి సెలవుల రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్. అందుకే వీసా దరఖాస్తుకు పెట్టాల్సిన ఆహ్వాన లేఖ కోసం ఫలితం వచ్చిన వారంలోనే నిర్వాహకులకు రాయండి. చాలా కాన్ఫరెన్సులు రిజిస్ట్రేషన్ డబ్బు కట్టాకే ఆ లేఖ ఇస్తాయి.

లేఖలో పేరు దగ్గర మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. పేపరు మీద ‘కె. శ్రావణి’ అని ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ‘కొత్తపల్లి’ అని ఇంటిపేరు మొత్తం ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని వీసా అధికారికి ఎలా తెలుస్తుంది? లేఖలో పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, పాస్‌పోర్టు నంబరు, పేపరు శీర్షిక ఉండేలా అడిగి రాయించుకోండి. పేపరు మీద పేరు వేరుగా ఉంటే ఆ సంగతీ ఒక వాక్యంలో చేర్చమనండి. రిజిస్ట్రేషన్, హోటల్, ఇన్సూరెన్స్ అన్నిటిలోనూ పాస్‌పోర్టు పేరే వాడండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. వీసా చేతికి రాకముందు విమానంలో సీటు పట్టి ఉంచే రిజర్వేషన్ చాలు, పూర్తి డబ్బు కట్టి టికెట్ కొనకండి.

ఇక బస. డబ్బు వెనక్కి వచ్చే గదినే బుక్ చేయండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే బుకింగ్‌లో అందరి పేర్లూ రాయించండి, లేకపోతే మిగతావాళ్లకు బస ఉన్నట్టు రుజువుండదు.

ఏసీఎల్ 2025 వేదిక ఆస్ట్రియా సెంటర్. దాని పక్క స్టేషన్ కైజర్‌మ్యూలెన్, యూ1 మెట్రో లైన్ మీద ఉంది. వేదిక చుట్టూ కిలోమీటరులో గది వెతికే బదులు యూ1 మీద ఎక్కడైనా వెతకండి. నా ఓటు హౌప్ట్‌బాన్‌హోఫ్‌కి, అంటే ప్రధాన రైల్వే స్టేషన్ పరిసరాలకి. విమానాశ్రయం నుంచి అక్కడికి నేరుగా రైలుంది. అక్కడ యూ1 ఎక్కితే తొమ్మిదో స్టేషన్‌లో వేదిక, ఎక్కడా మారక్కర్లేదు. అదే 2024లో ఐసీఎల్ఆర్, ఐసీఎంఎల్ అనే మెషిన్ లెర్నింగ్ కాన్ఫరెన్సులు జరిగిన మెస్సే వియన్నాకైతే యూ2 లైన్ చూసుకోవాలి. ఊరు ఒకటే అయినా వేదిక మారితే వెతికే చోటు మారిపోతుంది.

ఇంకో మాట. ఏసీఎల్ మొదలైన జులై 27 ఆదివారం. వియన్నాలో సూపర్‌మార్కెట్లు శనివారం సాయంత్రం ఆరుకే మూసేస్తారు, ఆదివారం దాదాపు ఏవీ తెరవరు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని మాత్రం ఉంటాయి. శాకాహారులు, సొంతంగా వండుకునేవాళ్లు స్టేషన్ దగ్గర గది తీసుకోవడానికి ఇదీ ఒక కారణమే.

అభ్యాసం: మీరు వెళ్లాలనుకుంటున్న కాన్ఫరెన్స్ ఫలితాల తేదీ, మొదటి రోజు తేదీ ఒక కాగితం మీద రాయండి. మొదటి రోజు నుంచి 45 రోజులు వెనక్కి లెక్కపెట్టి గీత గీయండి. అపాయింట్‌మెంట్ ఆ గీతకు ముందే పడాలి. తర్వాత వేదిక మీదుగా వెళ్లే మెట్రో లేదా బస్సు లైను మ్యాపులో గుర్తించి, దాని మీద మూడు గదులు ఎంచి ఉంచండి. వచ్చే పాఠంలో వాటికి ఖర్చు లెక్క వేద్దాం.