మిణుగుమడను మొలిపించడం ఎలా

వేసవి సెలవుల్లో మా అక్క పిల్లలూ వాళ్ల స్నేహితులూ కలిపి ఆరుగురు మా తాళ్లరేవు ఇంట్లో దిగుతారు. కరెంటు పోయిన రాత్రుళ్లు డాబా మీద పాచికలు వేసుకుని కథాట ఆడతాం. లోకం నేను చెబుతాను, వాళ్లు అందులో తిరుగుతారు. మూడేళ్ల కిందట ఆ లోకంలోని చిత్తడి అడవిలో ఒక వెలుగు చెట్టు నాటాను. పేరు తేజోవృక్షం. తాటిచెట్టంత ఎత్తు, నీలి కాంతి, రాత్రంతా ధగధగ. మా మేనకోడలు ఒక్క మాటంది: "మావయ్యా, పెళ్లింటికి కట్టిన సీరియల్ లైట్లలా ఉంది."

నిజమే. ఆ చెట్టుని అక్కడే నరికేసి మళ్లీ మొదలెట్టాను. అలా మొలిచిందే మిణుగుమడ. మీరూ కథలోనో ఆటలోనో ఇలాంటి చెట్టు పెట్టాలనుకుంటే, నేను చేసిన తప్పు చేయకండి. వెలుగు సంగతి పక్కన పెట్టి ముందు బురదలో దిగండి.

మాకు కోరింగ మడ అడవి దగ్గరే. పగటి పూట, పాటు సమయం, అంటే సముద్రపు నీళ్లు వెనక్కి తీసే వేళ, చూసుకుని చెక్క వంతెన మీద నడవండి. పోటు మీదుంటే నీళ్లూ కొమ్మలూ తప్ప ఏమీ కనబడవు. నీళ్లు తీశాక చూడండి, నల్లటి బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ వేళ్లు పైకి లేచి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు, కుళ్లిన గుడ్డు కంపు. కాబట్టి మడ చెట్టు తలకిందుల పని చేస్తుంది, వేరుని పైకి పంపించి ఊపిరి తీసుకుంటుంది. రోజుకి రెండు సార్లు ఉప్పు నీళ్లు వచ్చి ముంచేస్తాయి, రెండు సార్లు వదిలేస్తాయి. నల్లమడ ఆకు నాలిక మీద పెట్టుకోండి, ఉప్పగా ఉంటుంది. తాగిన ఉప్పుని ఆకుల మీదకి కక్కేస్తుందది. చిన్నప్పుడు మా తాతతో పీతలకి వెళ్లినప్పుడు ఆ ఆకులు నాకడమే నా పని.

నా చెట్టుకి కావలసిన సరుకంతా ఇక్కడే దొరికింది. మిణుగురు పురుగు ఒంట్లో ఒక పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వెలుగు పుడుతుంది, వేడి దాదాపు ఉండదు. నా చెట్టు ఆకుల అడుగున కక్కే ఉప్పులోనూ అలాంటి పదార్థమే ఉందనుకున్నాను. దానికి గాలి అందాలి. గాలి ఎప్పుడు అందుతుంది? పాటులో, ఊపిరి వేళ్లు బయటపడ్డప్పుడు. పోటు ఎక్కి వేళ్లు మునిగితే చెట్టు ఆరిపోతుంది. చూశారా, మంత్రం ఒక్కటే, మిగతాదంతా బురద చెప్పినట్టే నడుస్తోంది.

ఇక్కడ్నుంచి లెక్కలు వాటంతటవే వస్తాయి. పోటుపాట్లు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కనుక చెట్టు వెలిగే వేళా జరుగుతూ పోతుంది. అమావాస్యకీ పున్నమికీ పాటు బాగా లోతుకి తీస్తుంది, వేళ్లు ఎక్కువ తేలతాయి. కానీ పున్నమి వెన్నెల్లో ఈ వెలుగు ఎవడికి కనబడుతుంది? అంచేత అమావాస్య పాటుకే దాని అసలు అందం. అష్టమికి పాటు అంతంతమాత్రం, వెలుగూ అంతే.

కాంతి ఎక్కువ పొయ్యకండి. అందరూ చేసే తప్పిదే. పుట్టగొడుగు జన్యువులు పెట్టి వెలిగేలా చేసిన పెటూనియా మొక్కల్ని 2024 నుంచి అమెరికాలో అమ్ముతున్నారు. ఫొటోల్లో పచ్చగా మెరిసిపోతాయి గానీ, చీకటికి కళ్లు అలవాటు పడితే తప్ప ఆ వెలుగు తెలియదు. నా చెట్టు కింద నిలబడితే అరచేతిలో గీతలు కనబడతాయి, ఉత్తరం చదవలేరు. టార్చి వేశారా, పావుగంట పాటు చెట్టే కనబడదు. రంగు కూడా నీలం తీసేసి మిణుగురు పసుపుపచ్చ పెట్టాను.

తర్వాత, పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న: "కొమ్మ విరగ్గొడితే ఏమవుద్ది మావయ్యా?" దీనికి జవాబు లేని చెట్టు చెట్టు కాదు, బొమ్మ. మడ అడవిలో తిల్ల చెట్టుంటుంది. దాని పాలు కంట్లో పడితే చూపు ఆగమే, అందుకే మా తాత దాని నీడకి కూడా నన్ను పోనిచ్చేవాడు కాదు. మిణుగుమడకీ పాలిచ్చాను. విరిచిన కొమ్మకి గాలి దండిగా తగిలి ఒక్కసారి భగ్గున వెలుగుతుంది, తెల్లారేసరికి చచ్చిపోతుంది. విరిచినవాడి చేతులకంటిన పాలు మాత్రం రెండు రాత్రులు వెలుగుతూనే ఉంటాయి, కడిగినా పోవు. ఇక దొంగెవడో వెతకక్కర్లేదు.

విత్తనాలు పట్టుకుపోతాం అన్నారు. పొన్న మడకి కాయ చెట్టు మీదే మొలకెత్తి, మునక్కాయలా వేలాడి, బురదలో పడి నాటుకుంటుంది. మిణుగుమడకీ అదే ఉంచాను గానీ, వేరూని ఉప్పు తాగితే తప్ప మొలక వెలగదు. రాజుగారి తోటలో మంచినీళ్లు పోసి పెంచితే మామూలు మడ చెట్టే.

రామాయణంలో సంజీవని కొండ మీది మూలికలు దిక్కులన్నీ వెలిగించేవి. తమని తీసుకుపోవడానికి ఎవరో వస్తున్నారని తెలిసి అవి కనబడకుండా పోయాయి, అందుకే హనుమంతుడు కొండనే పెకలించాడు. వెలిగే మొక్కకి దాక్కోవడం తెలియాలన్న సంగతి మనవాళ్లకి ఎప్పుడో తెలుసు.

పేరు సంస్కృతంలో పెట్టకండి. ఊళ్లో వాళ్లు నల్లమడ, తెల్లమడ, విలవమడ అంటారు, కాబట్టి ఇది మిణుగుమడ. ఆ పాయల్లో బతికేవాళ్లకి ఇదేం అద్భుతం కాదు, గడియారం. "మడ ఎలిగింది, వలెత్తండి" అంటారు. వెలుగుకి చేరే చేపల కోసం నీటిపిల్లి గట్టున కాపు వేస్తుంది. ఇలాంటివి రెండు చాలు, ఇరవై పెడితే మ్యూజియం అవుతుంది.

కిందటి వేసవిలో ఆటలో పిల్లలు బహుళ అష్టమి నాడు అర్ధరాత్రి చెట్టు దగ్గరికి చేరారు. చీకటి. నిండు పోటు. అమావాస్యకి పాటు అడుగంటేది అర్ధరాత్రికని పడవవాడు ముందే చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. కాసేపు నన్ను తిట్టారు. తర్వాత చిన్నవాడు లోపలికి పరిగెత్తి గోడ మీది క్యాలెండరు పీక్కొచ్చాడు. కొవ్వొత్తి వెలుతుర్లో వేళ్ల మీద యాభయ్యేసి నిమిషాలు కూడుకుంటూ, పన్నెండున్నరకి తేల్చారు: ద్వాదశి రాత్రి తొమ్మిదిన్నర దాటాక. తెల్లారి మా అక్క పాల లెక్క రాసుకోవడానికి క్యాలెండరు కోసం ఇల్లంతా వెతికింది. అది డాబా మీద మంచుకి తడిసి, తేదీల నిండా పెన్సిలు గీతలతో దొరికింది.